ఛాతీ సీటీలో ఆటోమేటిక్ సెగ్మెంటేషన్: అపోహలు - వాస్తవాలు

ఛాతీ సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు, గుండె, శ్వాసనాళం, అన్నవాహిక ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో కంప్యూటర్ చేత గీయించడమే మా పని. దీన్నే సెగ్మెంటేషన్ అంటాం. డాక్టర్ల నుంచి, ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న ఇంజనీర్ల నుంచి తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: సెగ్మెంటేషన్ చేస్తే జబ్బు తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. ఏ అవయవం ఎక్కడుందో, ఎంత ఉందో తెలుస్తుంది, అంతే.

అపోహ: ఊపిరితిత్తుల్లో గాలే కాబట్టి సీటీలో నల్లగా విడిగా కనిపిస్తాయి, గీయడం తేలిక.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నిజమే. సీటీలో కణజాల సాంద్రతను చెప్పే హౌన్స్‌ఫీల్డ్ కొలమానంలో గాలి -1000, నీరు 0. మామూలు ఊపిరితిత్తి సుమారు -700 నుంచి -900 మధ్య ఉంటుంది, చుట్టూ ఉన్న కండరం సున్నాకి పైన ఉంటుంది. మధ్యలో ఒక హద్దు పెడితే రెండూ విడిపోతాయి. కానీ నిమోనియా ముదిరి గాలి గదులు ద్రవంతో నిండితే ఆ భాగం కూడా కండరంలాగే తెల్లబడుతుంది. హద్దు పెట్టే పాత పద్ధతి దాన్ని ఊపిరితిత్తి కాదనుకుని వదిలేస్తుంది. అంటే డాక్టరు ముఖ్యంగా చూడాల్సిన చోటే మాస్క్‌లో (అవయవంగా గుర్తించి గీసిన ప్రాంతంలో) ఉండదు! ఛాతీ గోడను ఆనుకున్న చిన్న గడ్డ కూడా ఇలాగే జారిపోతుంది. ఇక ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే? ఆ నీటిని ఊపిరితిత్తి కింద లెక్కించాలా వద్దా అన్నది మాస్కులు గీసేవాళ్లు ముందే తేల్చుకోవాలి. అన్ని డేటాసెట్లూ (ఇలా గీసి పెట్టిన స్కాన్‌ల సేకరణలు) ఒకే నియమం పాటించవు. ఆ నియమాలు చదవకుండా రెండు మోడళ్ల (గీయడం నేర్చుకున్న ప్రోగ్రాముల) స్కోర్లు పోల్చడం తప్పని నా గట్టి అభిప్రాయం.

అపోహ: డైస్ స్కోరు 0.98 వచ్చింది, ఇక ఆసుపత్రిలో వాడేయొచ్చు.

వాస్తవం: కంప్యూటర్ గీసిన మాస్క్, మనిషి గీసిన మాస్క్ ఎంతవరకు కలుస్తున్నాయో 0 నుంచి 1 మధ్య చెప్పే కొలతే డైస్. లెక్క వేసి చూడండి. రెండు ఊపిరితిత్తులూ కలిపి 5 లీటర్లు అనుకుందాం. ఒక సెంటీమీటరు గడ్డ పరిమాణం దాదాపు అర మిల్లీలీటరు. మాస్క్ ఆ గడ్డను పూర్తిగా వదిలేసి, మిగతాదంతా సరిగ్గా గీసినా డైస్ 0.9999 పైనే వస్తుంది. అందుకే సరిహద్దు దూరాలు (రెండు మాస్కుల అంచుల మధ్య దూరాలు) కూడా కొలవాలి, జబ్బు ఉన్న స్కాన్‌ల ఫలితాలు విడిగా చూపించాలి.

అపోహ: కొత్త ఆర్కిటెక్చర్ (మోడల్ నిర్మాణం) వస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: 2015లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన యూ-నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ ఆలోచనే ఇప్పటికీ ఎన్నో మోడళ్లకు పునాది. 2020లో వియన్నా పరిశోధకులు ఊపిరితిత్తుల సెగ్మెంటేషన్ మీద తేల్చింది కూడా ఇదే: మోడల్ మార్చడం కన్నా, రకరకాల జబ్బులున్న మామూలు ఆసుపత్రి స్కాన్‌లతో నేర్పించడమే ఎక్కువ పనిచేసింది. ఎలాంటి కేసులు పోగేశామన్నదే ముందు అడగాల్సిన ప్రశ్న.

అపోహ: రేడియోథెరపీ ప్లానింగ్‌లో ఆటో కాంటూర్ (కంప్యూటర్ గీసే అవయవ సరిహద్దు) వచ్చాక మనిషి చూడక్కర్లేదు.

వాస్తవం: టైం బాగా కలిసొస్తుంది, కానీ చూసి తీరాలి. ముఖ్యంగా అన్నవాహికను. ఖాళీగా ఉన్నప్పుడు అది ముడుచుకుని, గుండె వెనక పక్క కణజాలంలో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. కణితికి దగ్గరగా, రేడియేషన్ డోసు ఒక్కసారిగా తగ్గే చోట గీత కొన్ని మిల్లీమీటర్లు తప్పినా ఆ అవయవానికి చేరే డోసు లెక్క మారిపోతుంది. ఆ స్లైసులను (స్కాన్ పొరలను) ఒక్కొక్కటిగా డాక్టరు చూసి సరిచేయాలి.