వెండి రూపాయి అసలుదేనా? పిల్లలకు ఉత్తరం

చిరంజీవులు చిన్నికి, బాబీకి తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

సంతలో చూసిన విక్టోరియా రూపాయి ఫోటో అందింది. తొందరపడి కొనకండి. మీరు "అది అసలు వెండేనా తాతయ్యా" అని మాత్రమే అడిగారు. వెండి అసలుదైనా నాణెం దొంగది కావచ్చు. దీపావళి పూజకని విక్టోరియా బొమ్మతో, ఐదో జార్జి బొమ్మతో కొత్త వెండి బిళ్లలు అమ్ముతారు కదా, వాటిలో వెండికి వంక పెట్టలేం, కానీ అవి పాత రూపాయలు కావు. ఆ రోజుల్లోనూ ఈ బెడద ఉండేది. జనం తెచ్చిన వెండిని రూపాయలుగా కొట్టివ్వడం 1893లో టంకశాలలు ఆపేశాయి. ఆ తరువాత రూపాయి విలువ అందులోని వెండి ధరను మించిపోయింది. దాంతో మంచి వెండితో దొంగ రూపాయి కొట్టినా లాభమే మిగిలేది.

ముందు మీ ఫోటోలోని అక్షరాలు చదవండి. తేదీ 1880, బొమ్మ పక్కన "విక్టోరియా క్వీన్" అని ఉంది. 1877 నుంచి మన రూపాయల మీద ఆమె పేరు పక్కన "ఎంప్రెస్" అనే ఉండాలి. కాబట్టి తూకం దాకా పోనక్కర్లేదు, అది దొంగదే. తేదీల్లో ఇంకో కిటుకు ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో 1840 అన్న అంకెతోనే 1861 దాకా రూపాయలు కొట్టారు. తరువాత 1862 అంకెను కూడా అలాగే చాలా ఏళ్లు వాడారు. ఏ ఏడు కొట్టిన రూపాయి మీద ఆ ఏడే వేయడం 1874లో మొదలైంది. ఎవరైనా 1850 అంకె వేసిన విక్టోరియా రూపాయి చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి.

1911 రూపాయి కథ నాకు చాలా ఇష్టం. ఐదో జార్జి అంగీ మీద చిన్న ఏనుగు ఉంటుంది. ఆ ఏడాది అచ్చులో దాని తొండం పొట్టిగా పడి, పందిలా ఉందని పెద్ద గొడవ అయింది. 1912లో తొండం సరిచేశారు. అందుకే 1911 నాణెం మీద ఏనుగు తొండం చక్కగా పొడుగ్గా ఉంటే అనుమానించాలి.

ఇక బరువు. 1835 చట్టం ప్రకారం రూపాయి 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. తులం అన్నది ఆ బరువే. ఇప్పుడు బంగారం షాపుల్లో తులమంటే పది గ్రాములు అంటున్నారు, ఆ లెక్క ఇక్కడ పెట్టకండి. పన్నెండు పాళ్లలో పదకొండు వెండి, ఒకటి వేరే లోహం. చేతులు మారి అరిగిన నాణెం కొద్దిగా తక్కువ తూగుతుంది. పది గ్రాములే తూగితే మాత్రం నమ్మొద్దు.

బరువు కలిసినంత మాత్రాన అయిపోలేదు, నీళ్ల పరీక్ష కూడా చేయాలి. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకె సున్నా చేయండి. నాణేనికి సన్నని దారం కట్టి, అడుక్కీ గోడకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. అంటుకున్న గాలి బుడగలు దులపండి. 11.60 గ్రాముల మంచి రూపాయికి తూకం మీద దాదాపు 1.12 కనిపిస్తుంది. బరువును దానితో భాగిస్తే 10.3 చుట్టుపక్కల రావాలి, అంటే నాణెం నీళ్ల కన్నా అన్ని రెట్లు బరువన్నమాట. జర్మన్ సిల్వర్ అయితే 8.6 దగ్గరే ఆగుతుంది. దాని పేరులో తప్ప లోపల వెండి ఉండదు. 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు, వాటికి 9.5 వస్తే కంగారు పడకండి. 1947 పులి బొమ్మ రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి అంటుకుంటుంది. అది దొంగది కాదు గానీ, వెండని చెప్పి అమ్మితే అబద్ధం.

తరువాత భూతద్దం తీసి అంచు చూడండి. నకళ్లలో చాలావరకు పోత పోసినవే. వాటి మీద సూదిమొన గుంటలు, అక్షరాల మూలల్లో మెత్తదనం, ఒక్కోసారి అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి. టంకశాల అచ్చు గుద్దిన నాణెం మీద గాట్లు సమంగా, పదునుగా ఉంటాయి. 1939 రూపాయి అరుదు కనుక 1938లోని ఎనిమిదిని తొమ్మిదిగా దిద్దే మోసం ఉంది. చివరి అంకె చుట్టూ గీకిన జాడ వెతకండి.

చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయిని ఈ కొలతలతో కొలిచి దొంగదనుకోకండి. హాలీ సిక్కా అనే ఆ నిజాం నాణేల లెక్క వేరు. అది 11.18 గ్రాములే, వెండి వెయ్యికి 818 పాళ్లు. దండల్లో గుచ్చుకున్న పాత రూపాయలకు కొక్కెం అతికించి ఉంటే ఆ టంకం బరువూ కలుస్తుంది.

ఏం చేసినా చింతపండుతో మాత్రం తోమకండి. నల్లబడిన ఆ పొర పోతే నాణెం విలువ పడిపోతుంది. గీటురాయి మీద గీకనివ్వకండి, ఆకురాయి పెట్టనివ్వకండి. ఈసారి సంతకు వెళ్తే ఆ తూకం జేబులో పెట్టుకెళ్లండి. తూచనివ్వనని అంగడతను అంటే ఆ నాణెం మనకు వద్దు.

ఇట్లు,
మీ తాతయ్య