అమ్మేసిన రైలు కట్ట: బాత్–బోర్న్‌మత్ లైను కథ

నైరుతి ఇంగ్లండ్‌లో బాత్ ఊరి చివర కూమ్ డౌన్ సొరంగం ఉంది. పొడవు 1,672 మీటర్లు. ఒకప్పుడు బొగ్గు ఇంజన్లు నడిచిన ఈ దారిలో 2013 నుంచి జనం నడుస్తున్నారు, సైకిళ్లు తొక్కుతున్నారు. బండి వస్తే పనివాళ్లు ఒదిగి నిలబడేందుకు గోడల్లో కట్టిన గూళ్లు ఇంకా ఉన్నాయి. పైకి తెరుచుకునే గాలి దారి మాత్రం ఒక్కటీ లేదు.

1862లో రెండు చిన్న కంపెనీలు కలిసి సోమర్‌సెట్ అండ్ డోర్సెట్ రైల్వే అయ్యాయి. మెండిప్ కొండలు దాటి బాత్ దాకా లైను వేసి, 1874లో తెరిచేసరికి కంపెనీ చేతులెత్తేసింది. మరుసటి ఏడాదే రెండు పెద్ద కంపెనీలకు లీజుకిచ్చేసింది. కట్టేటప్పుడు డబ్బు లేక కూమ్ డౌన్ లాంటి సొరంగాలు ఒకే పట్టాకు సరిపడా ఇరుకుగా మిగిలాయి. యాభై అడుగులకు అడుగు చొప్పున ఎక్కే చోట్లు కూడా ఉన్నాయి. 1929 నవంబరులో ఒక గూడ్స్ బండి ఈ సొరంగంలో మెల్లగా వెళ్తుండగా డ్రైవరు, ఫైర్‌మన్ పొగకు స్పృహ తప్పారు. అదుపు తప్పిన బండి అవతల పల్లంలో వేగం పుంజుకుని బాత్ గూడ్స్ యార్డులో బోల్తాపడింది. డ్రైవరుతో సహా ముగ్గురు చనిపోయారు.

అయినా వేసవి వస్తే ఈ లైను కిటకిటలాడేది. మాంచెస్టర్ వైపు నుంచి సముద్రతీరంలోని బోర్న్‌మత్‌కు పైన్స్ ఎక్స్‌ప్రెస్ అనే బండి ఇటే వచ్చేది. కొండ ఎక్కడానికి తరచూ రెండు ఇంజన్లు తగిలించేవారు. 1962 సెప్టెంబరులో ఆ బండిని వేరే దారికి మళ్లించారు. 1963 మార్చిలో బ్రిటిష్ రైల్వే అధిపతి బీచింగ్ నివేదిక వచ్చింది. దేశం మొత్తం మీద 2,363 స్టేషన్లు మూసేయాలని చెప్పింది, వాటిలో ఈ లైనువీ ఉన్నాయి. ముందు బండ్లు తీసేసి తర్వాత జనం ఎక్కడం లేదంటే ఎలా అని స్థానికులు మండిపడ్డారు. నాకైతే వాళ్ల కోపం న్యాయమైనదే అనిపిస్తుంది. 1966 జనవరిలో మూసేయాల్సింది, బదులుగా నడపాల్సిన బస్సుల యజమాని ఒకరు తప్పుకోవడంతో వాయిదా పడింది. చివరికి మార్చి 7న మూసేశారు.

లైను నష్టాల్లో ఉన్న మాట నిజమే. మూయడంపై వాదించుకోవచ్చు. ఆ తర్వాత జరిగింది మాత్రం క్షమించరానిది. పట్టాలు పీకేసి, కింద ఉన్న కట్టను ముక్కలు ముక్కలుగా అమ్మేశారు. వందేళ్లు ఒకే దారిగా ఉన్న నేల ఎవరిది వాళ్లదైపోయింది. షెప్టన్ మాలెట్‌లో 27 కమానుల చార్ల్‌టన్ వంతెన ఒక తోటలో నిలబడి ఉంది. బాత్ గ్రీన్ పార్క్ స్టేషను ఇనుప కప్పు కింద ఇప్పుడు సంత జరుగుతుంది. మిడ్‌సమర్ నార్టన్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు స్టేషను బాగుచేసి, కొద్ది దూరం పట్టాలు మళ్లీ వేసుకున్నారు. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

నేల చేజారితే ఏమవుతుందో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరా నుంచి ఇంగ్లండ్‌లోని కార్లైల్ దాకా నడిచిన వేవర్లీ లైను చూస్తే తెలుస్తుంది. 1969లో మూసేసిన ఆ దారిని ఎడిన్‌బరా బైపాస్ రోడ్డు అడ్డంగా కోసేసింది. మళ్లీ రైలు కావాలనుకున్నాక ఆ రోడ్డు దాటించడానికే కొత్త కట్టడం కావాల్సి వచ్చింది. 2015లో ట్వీడ్‌బ్యాంక్ దాకా సుమారు 48 కిలోమీటర్లు మాత్రం తిరిగి తెరవగలిగారు. అక్కడి నుంచి కార్లైల్ దాకా మిగతా దారి కోసం ఆ ప్రాంతం వాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు.