తల వెనుక వెలుగు: ప్రభామండలంపై అపోహలు – వాస్తవాలు

విశాఖపట్నం ఓడరేవు దగ్గర రాస్ హిల్ చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి ఆలయం పక్కపక్క కొండల మీదే ఉన్నాయి. ఇలాంటి ఊరిలో దేవతల పటాలు గీస్తూ, పిల్లలకు చిత్రలేఖనం నేర్పుతూ ఉన్నందువల్ల, మేరీమాత తల వెనుక వలయం గురించీ, అమ్మవారి వెనుక చక్రం గురించీ, బుద్ధుని వెనుక ప్రభ గురించీ నన్ను తరచుగా అడుగుతుంటారు. ఆ ప్రశ్నల వెనుక ఉండే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ప్రభామండలం క్రైస్తవ చిత్రకళ నుంచి మనకు వచ్చింది.

వాస్తవం: క్రైస్తవ చిత్రాలలో క్రీస్తు తల చుట్టూ ఈ వలయం 4వ శతాబ్దం నుంచి కనిపిస్తుంది. అంతకు చాలా ముందే కుషాణ చక్రవర్తి కనిష్కుడు వేయించిన బంగారు నాణెం మీద, నిలుచున్న బుద్ధుని తల వెనుక ఒక వలయం, దేహమంతటినీ చుట్టి మరొక వలయం ఉన్నాయి. పక్కనే గ్రీకు లిపిలో ‘బొద్దో’ అని చెక్కి ఉంది. ఆ కాలపు మథుర శిల్పులు చక్రం అంచున చిన్న చిన్న అర్ధచంద్రాకారపు నొక్కులతో సరిపెట్టగా, 5వ శతాబ్దం నాటికి సారనాథ్ బుద్ధుని వెనుక అదే చక్రం పూలతో, తీగలతో నిండిపోయింది. రోమన్ల సూర్యదేవునికీ ఈ వలయం ఉంది కాబట్టి, దీనిని ఒక్క మతానికి కట్టబెట్టడం సరికాదు. రాకపోకలు రెండు వైపులా సాగాయి: మొఘల్ చిత్రకారులు జహంగీర్ తల వెనుక చక్రం వేయడానికి ప్రేరణ యూరప్ నుంచి వచ్చిన చిత్రాలే.

మన దగ్గరి ప్రాచీన బౌద్ధ క్షేత్రం తొట్లకొండపై బుద్ధ పాదాలు చెక్కిన రాతి పలకలు దొరికాయి. ఆయన రూపాన్ని చెక్కకుండా పాదముద్రలు, ధర్మచక్రం, బోధివృక్షం, ఖాళీ సింహాసనం వంటి గుర్తులతోనే ఆరాధించిన తొలి బౌద్ధ సంప్రదాయానికి తల వెనుక వెలుగు అవసరమే రాలేదు. ఈ విషయాన్ని నేను ప్రతి విద్యార్థికీ ముందుగా చెబుతాను, ఎందుకంటే పవిత్రతను చూపడానికి చక్రం ఒక మార్గమే తప్ప ఏకైక మార్గం కాదు.

అపోహ: వలయం ఉన్నవారందరూ పుణ్యాత్ములే.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఇటలీలోని రవెన్నాలో, 6వ శతాబ్దపు సాన్ విటాలే చర్చిలో రంగు ముక్కలు పొదిగి చేసిన మొజాయిక్‌లలో జస్టీనియన్ చక్రవర్తికీ, సామ్రాజ్ఞి థియోడోరాకూ వలయాలున్నాయి. రోమ్‌లోని శాంతా మరియా మజోరే చర్చిలో, 5వ శతాబ్దపు మొజాయిక్‌లో, పసిపిల్లలను చంపించిన హేరోదు రాజు తల వెనుక కూడా వలయం ఉంది. అది అతని మంచితనానికి గుర్తు కాదు, అధికారానికి గుర్తు. మొఘల్ చిత్రకారుడు బిచిత్ర్ గీసిన ప్రసిద్ధ చిత్రంలో జహంగీర్ వెనుక సూర్యచంద్రులను కలిపిన పెద్ద ప్రభ ఉన్నదీ అందుకే. బొమ్మలోని మనిషి ఎవరో, ఆ బొమ్మ వేయించినవారు ఎవరో తెలుసుకోకుండా వలయాన్ని బట్టి గుణాన్ని నిర్ణయించకూడదు.

అపోహ: ఆకారం ఏదైనా అర్థం ఒక్కటే.

వాస్తవం: క్రీస్తు వలయంలో శిలువ గీతలుంటాయి, మేరీమాతకు 12 నక్షత్రాలు వేస్తారు, 9వ శతాబ్దపు రోమ్‌లో, చిత్రం వేసేనాటికి బతికి ఉన్న పోప్ మొదటి పాస్కల్‌కు చతురస్రాకారం వేశారు. మన పంచలోహ మూర్తులలో ఈ భేదం మరింత సూక్ష్మంగా ఉంటుంది. విగ్రహాన్ని వెనుక నుంచి చూస్తే, కిరీటం దిగువన, భుజాలపై పడే కేశాలకు పైన, చక్రంలా లేదా పద్మంలా మలచిన చిన్న బిళ్ల కనిపిస్తుంది. దానిని శిరశ్చక్రం అంటారు. ముందు నిలబడి దండం పెట్టుకునే భక్తునికి అది కనిపించదు, అయినా శిల్పి దాని రేకులను ఎంతో శ్రద్ధగా తీర్చుతాడు. మూర్తి మొత్తాన్ని చుట్టే ప్రభావళి వేరు: పైన కీర్తిముఖం (సింహంలాంటి ఉగ్రముఖం), ఇరుపక్కల మకరాలు, అంచున జ్వాలలతో ఉండే దానిని పీఠానికి అమర్చుతారు. పందిళ్లలో ప్రతి విగ్రహం వెనుకా ఒకే రంగుల విద్యుద్దీపాల చక్రం తగిలించడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఏ దేవతకు ఏ ప్రభ అన్న జ్ఞానం అందులో పోతోంది.

అపోహ: అది శరీరం నుంచి వెలువడే నిజమైన కాంతి, దానిని ఫోటో తీయవచ్చు.

వాస్తవం: ‘ముఖంలో తేజస్సు’ అన్నప్పుడు మనం ఒక మనిషి ప్రశాంతతనో, వర్చస్సునో చెబుతాం, చిత్రకారుడు ఆ మాటను కంటికి కనిపించేలా గీస్తాడు. ఆకాశంలో చంద్రుని చుట్టూ కనిపించే వరదగుడి మాత్రం నిజమైన కాంతివలయమే: ఎత్తైన పలుచని మబ్బులలోని మంచు స్ఫటికాల గుండా వెలుగు వంగి, చంద్రునికి సుమారు 22 డిగ్రీల దూరంలో ఏర్పడుతుంది. శరీరపు వెలుగును పట్టి ఇస్తాయనే ‘ఆరా ఫోటో’లకు ఆధారంగా చూపే కిర్లియన్ పద్ధతి 1939లో మొదలైంది. అందులో వస్తువును లేదా చేతివేలిని అధిక వోల్టేజీకి గురిచేస్తారు. చుట్టూ ఉన్న గాలి అయనీకరణం చెంది, అంటే విద్యుదావేశం పొంది, వెలుగుతుంది, వేలి మీది చెమటను బట్టి ఆ వెలుగు మారుతుంది. వేలికి బదులు ఒక నాణెం పెట్టినా దాని అంచు చుట్టూ అలాంటి వెలుగే వస్తుంది.