తుప్పల్లో తిరిగిన బండికి తుప్పు

పాడేరు దాటి వంజంగి వైపో, అనంతగిరి కాఫీ తోటల మధ్య మట్టిదారుల్లోనో రెండు రోజులు తిరిగి విశాఖ దిగిన బండిలో కన్ను మొదట పడేది తలుపు మీది సొట్ట మీద. టింకరింగ్ మేస్త్రీకి ఫోన్ వెళ్ళేదీ దాని కోసమే. నిజానికి రంగు పగలని సొట్ట ఆరు నెలలు ఆగినా అలాగే ఉంటుంది. రేకు వంగింది, అంతే. అదే తలుపు కింది అంచున, తుప్పలు రాసుకున్నచోట, వెంట్రుకవాసి గీత ఒకటి ఇనుము దాకా దిగి ఉంటే దానికి వారం గడువు కూడా లేదు. బండి కొండ దిగి వచ్చింది సముద్రపు ఒడ్డుకు మరి.

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ ఉంటే చాలు. ఉప్పు తోడైతే వేగం పెరుగుతుంది, అదీ మూడు రకాలుగా. తుప్పు పట్టడమంటే రేకు మీద కంటికి ఆనని చిన్న చిన్న బ్యాటరీలు నడవడమే. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది, పక్కచోట ఆక్సిజన్, నీరు కలిసి వాటిని అందుకుంటాయి. మధ్యనున్న నీటిపొర విద్యుత్తును ఎంత బాగా మోస్తే పని అంత చురుగ్గా సాగుతుంది. వాననీరు సరిగా మోయలేదు, ఉప్పునీరు మోస్తుంది. రెండోది, ఇనుము మీద ఏర్పడే పలచని ఆక్సైడు పొరను క్లోరైడ్ అయాన్లు నిలవనీయవు. మూడోది వంటింట్లో అందరూ చూసేదే: వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ ఆ తేమను లాక్కుని తనే కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమ సరిపోతుంది. విశాఖలో ఏడాది పొడవునా తేమ తక్కువుండే రోజులు కొద్దే. బీచ్ రోడ్డులోనో లాసన్స్ బే కాలనీలోనో ఆపిన బండి పొడిగా కనిపిస్తున్నా గీతలోని ఉప్పునీటి పొర రాత్రంతా తడిగానే ఉంటుంది.

అందుకే ఇంటికి రాగానే చేయాల్సిన పని కడగడం. అదీ పైనుంచి కాదు, కింద నుంచి. చక్రాల గూళ్ళలో, చాసిస్ మడతల్లో పట్టిన మట్టి రోజుల తరబడి చెమ్మను పట్టి ఉంచుతుంది కాబట్టి ముందు అక్కడ నీళ్ళు పట్టి, పావుగంట నానబెట్టి, మళ్ళీ పట్టాలి. ప్రెషర్ వాషర్ వాడితే కనీసం అడుగు దూరంలో ఉంచాలి. రంగు లేచిన అంచు మీదికి దగ్గర నుంచి సూటిగా కొడితే అంచు కింద ఇంకా పట్టి ఉన్న రంగు కూడా పొరగా లేచిపోతుంది. రేడియేటర్ రెక్కలైతే వంగిపోతాయి. తీరానికి దగ్గరున్న కొన్ని బోర్ల నీరు ఉప్పగా ఉంటుంది. చుక్క నాలుకకు ఉప్పగా తగిలితే ఆఖరి కడుగు కుళాయి నీళ్ళతోనే కానివ్వాలి.

పైభాగం మీద ఎండిన ఎర్రమట్టిని మాత్రం పొడిగుడ్డతో తుడవకూడదు. తూర్పు కనుమల్లో ఈ మట్టి చాలావరకు ఖోండలైట్ రాయి శిథిలమై ఏర్పడింది (కోందు గిరిజనుల పేరే ఆ రాయికి పెట్టారు). అందులో క్వార్ట్జ్, గార్నెట్ ఉంటాయి. భీమిలి ఒడ్డున ఇసుకలో ఎర్ర చారలు, నల్ల చారలు కనిపిస్తాయే, ఆ నలుపు ఇల్మెనైట్, ఎరుపు గార్నెట్. గార్నెట్ గట్టిదనం మోహ్స్ కొలబద్ద మీద 6.5 నుంచి 7.5. గరుకు కాగితం తయారీలో వాడే ఖనిజాల్లో ఇదొకటి. ఇక బోనెట్ మీద గుడ్డ ఎలా తిప్పాలో వేరే చెప్పనక్కర్లేదు: నీళ్ళు ధారగా పోసి మట్టిని దానంతట దాన్ని జారనివ్వాలి, ఆ తర్వాతే షాంపూ.

ఎక్కువమంది వదిలేసేది నీరు పోయే కన్నాలను. ప్రతి తలుపు అడుగున రెండో మూడో కన్నాలుంటాయి. తలుపుల కింది గడపలో, డిక్కీ తలుపు అంచున, ముందు అద్దం కింద కూడా ఉంటాయి. గెడ్డ (కొండవాగు) దాటినప్పుడు లోపలికి వెళ్ళిన బురదనీరు బయటికి రావాల్సింది వాటిలోంచే. నీరు పోతుంది, ఒండ్రు మిగిలి కన్నం మూసుకుంటుంది. తర్వాత వానపడ్డ ప్రతిసారీ అద్దం పక్క రబ్బరు గుండా దిగిన నీరు తలుపు కడుపులోనే నిలుస్తుంది. తలుపులు బయటి నుంచి కాక లోపలి నుంచి, కింది అంచు దగ్గర చిల్లులు పడడానికి ఇది పెద్ద కారణం. శుభ్రం చేయడానికి కొబ్బరి ఈనె చాలు. ఇనుప తీగ పెట్టి పొడిస్తే కన్నం అంచున ఉన్న రంగు పోయి, కొత్త తుప్పుకు మనమే దారి తీసినవాళ్ళమవుతాం.

బండి ఆరాక గీతలు చూడాలి. కంపెనీ రంగు మొత్తం మందం 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మామూలు కాగితంకన్నా కొంచెం ఎక్కువ. రేకుకు అంటి విద్యుత్ పద్ధతిలో పట్టించిన ప్రైమర్ సుమారు 20 మైక్రాన్లు, దానిపైన మరో ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటిమీదా 40 నుంచి 50 మైక్రాన్ల పారదర్శకమైన క్లియర్ కోట్. కొమ్మలు గీసిన గీతల్లో ఎక్కువభాగం ఈ పైపొరలోనే ఆగిపోతాయి. పరీక్ష తేలిక. గీతను తడపండి. తడిసినప్పుడు మాయమై ఆరాక మళ్ళీ కనిపిస్తే అది క్లియర్ కోట్‌లోనే ఉంది. గీత కనిపించేది అక్కడి గాలికీ రంగుపొరకూ వక్రీభవన గుణకంలో, అంటే కాంతిని వంచే తీరులో, ఉన్న తేడా వల్ల. గాలిది 1, క్లియర్ కోట్‌ది దాదాపు 1.5, నీటిది 1.33. నీరు నిండగానే తేడా తగ్గి గీత కరిగిపోయినట్టు ఉంటుంది. ఇలాంటి వాటికి రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్ సరిపోతాయి. కాకపోతే పాలిష్ చేసిన ప్రతిసారీ రెండు మూడు మైక్రాన్లు అరుగుతాయి. బండి జీవితకాలంలో మొత్తం ఏడెనిమిది మైక్రాన్లు మించి తీయకపోవడం మంచిది. ప్రతి ట్రిప్పు తర్వాత మెషిన్ పాలిష్ చేయించేవాళ్ళు రెండేళ్ళలో ఎండకు పొరలు లేచే బోనెట్‌ను డబ్బిచ్చి కొనుక్కుంటున్నట్టే.

గోరు తగిలి ఆగిపోయే గీత లోతైనది. అడుగున తెలుపో బూడిదరంగో కనిపిస్తే ప్రైమర్ మిగిలే ఉంది, రెండు మూడు వారాలు ఆగొచ్చు. తళతళ మెరిస్తే అది లోహం. ఇప్పటి బండ్లలో చాలా రేకులకు జింకు పూత ఉంటుంది. ఇనుముకన్నా ముందు తను కరిగి ఇనుమును కాపాడడం దాని పని. సన్నని గీతను అది కొంతకాలం కాస్తుంది. ఉప్పుగాలిలో ఆ కాలం కురచ. ఇక్కడే షెడ్డులో జరిగే నష్టం ఒకటి చెప్పాలి: అంగుళం గీతకు అడుగు మేర గ్రైండర్ తిప్పుతారు. పది మైక్రాన్లు కూడా లేని ఆ జింకు పూత మొత్తం పోతుంది, గీత పడని చోట కూడా. మచ్చ ఎంత ఉందో అంతే, చేత్తో గీకమని ముందే చెప్పాలి.

చిన్న మచ్చను ఇంట్లోనే మూయవచ్చు. 320 నంబరు గరుకు కాగితంతో తుప్పు పోయేదాకా రుద్ది, 600తో చుట్టూ రంగు అంచును వాలుగా చేయాలి. తర్వాత ఆ చోటును మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి హెయిర్ డ్రయ్యర్‌తో వెంటనే ఆరబెట్టాలి. అనవసరమనిపించే ఈ కడుగుడే అన్నిటికన్నా ముఖ్యం. తుప్పు గుంటల్లో దాగిన ఉప్పు రంగు కింద చిక్కుకుంటే, రంగుపొర గుండా నీటి ఆవిరిని లోపలికి లాగుతుంది. ద్రవాభిసరణ వల్ల ఆరు నెలల్లో బొబ్బలు లేస్తాయి, మళ్ళీ మొదటికొస్తుంది. గుంటల్లో నల్లటి తుప్పు మిగిలితే ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, శుభ్రంగా కడిగేయాలి. ఆమ్లం మిగిలితే పైన వేసే ఎపాక్సీ ప్రైమర్ సరిగా గట్టిపడదు. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి, రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ పలచగా రెండు పూతలు వేయాలి. మామూలు బూడిదరంగు ప్రైమర్‌లో సూక్ష్మ రంధ్రాలుంటాయి, అది నీరు పీలుస్తుంది. దాన్ని వేసి "రంగు తర్వాత చూద్దాం" అని నెలలు తిప్పిన బండ్ల మీద ఎర్రచుక్కలు కనిపించేది అందుకే. పైన బండి రంగు కోడ్‌కు సరిపోయిన టచప్ రంగు, ఒక్కో పూతకూ మధ్య పావుగంట, చివర క్లియర్ కోట్.

ఇక సొట్ట. బయటి రేకు మందం 0.7, 0.8 మి.మీ. మాత్రమే. చెట్టు మొద్దు ఆనినప్పుడు మధ్యభాగం చాలావరకు స్థితిస్థాపకంగానే వంగుతుంది, వదిలేస్తే తిరిగి వచ్చేదే. దాన్ని రానీయకుండా పట్టి ఉంచేది సొట్ట చుట్టూ ఏర్పడిన గట్టు. అక్కడే లోహం శాశ్వతంగా వంగి, వంగడం వల్లే గట్టిపడింది కూడా. తెలిసిన మేస్త్రీ లోతైన చోట సుత్తి వేయడు. వెనక డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి గట్టును నెమ్మదిగా దింపుతాడు, మధ్యభాగం తనే పైకి వస్తుంది. తెలియనివాడు నడిమధ్యన కొడతాడు. రేకు నలిగి, పలచబడి, సాగుతుంది. సాగిన రేకు నొక్కితే డబ్బా మూతలా టక్కుమని లోపలికీ బయటికీ ఆడుతుంది. దాన్ని సరిచేయాలంటే చిన్న చుక్కను వేడిచేసి చల్లార్చాలి. వేడికి వ్యాకోచించబోయిన చుక్కకు చుట్టూ చల్లని రేకు అడ్డం పడడంతో అది మందంగా ఉబ్బుతుంది, చల్లారినప్పుడు చుట్టుపక్కల రేకును లోపలికి లాగుతుంది. బయటి రేకుకే ఈ వైద్యం. తలుపుల మధ్య స్తంభాల్లో వేడిమీద అచ్చువేసిన బోరాన్ ఉక్కు ఉండొచ్చు. దాన్ని మంటతో వేడిచేస్తే బలం పోతుంది.

రంగు పగలకుండా, పదునైన మడత లేకుండా ఉన్న సొట్టను రంగు జోలికి పోకుండా వెనక నుంచి కడ్డీలతో నెట్టి తీసేవాళ్ళు ఉన్నారు. వీలైతే అదే మేలు, కంపెనీ పూత చెక్కుచెదరదు. మిగిలినవాటికి లప్పం (గుంట పూడ్చే పాలిస్టర్ ముద్ద) తప్పదు. లప్పం మందం 2, 3 మి.మీ. మించకూడదు. అయస్కాంతం సరిగా అంటకపోతే లోపల దట్టంగా మెత్తారన్నమాట. దాన్ని గట్టిపరిచే పెరాక్సైడు హార్డనర్ లప్పం బరువులో 2 శాతం. త్వరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే మిగిలిన పెరాక్సైడు పైకి ఊరి, తెల్ల బండి మీద పసుపు మచ్చగా తేలుతుంది. పాలిస్టర్ లప్పం నీరు పీలుస్తుంది. ఉత్త రేకు మీద లప్పం వేసి, నీళ్ళు పోసి వాటర్ పేపర్‌తో రుద్ది, గంటలో ప్రైమర్ కొట్టడం తీరప్రాంతానికి పనికిరాదు. ఎపాక్సీ మీద లప్పం, దానికి పొడి రుద్దుడు అని గట్టిగా అడగండి. దుమ్ము లేస్తుందని మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

రంగు కొట్టే రోజు కూడా ఎంచుకోదగ్గదే. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున గాలిలోని ఆవిరి నీటిబొట్టుగా మారే ఉష్ణోగ్రత, అంటే తుషార స్థానం, 26 డిగ్రీల పైచిలుకు. నాలుగు డిగ్రీలే తేడా. థిన్నర్ ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, ఆ నాలుగు డిగ్రీలనూ తినేస్తుంది, తడిరంగు మీద కంటికి కనిపించని మంచు పడి రంగు పాలిపోతుంది. మబ్బు పట్టిన ఆగస్టు సాయంత్రం ఆరుబయట కొట్టిన రంగుకు మెరుపు రాకపోతే తప్పంతా రంగుది కాదు. నెమ్మదిగా ఆవిరయ్యే థిన్నర్, మధ్యాహ్నపు పూట, కుదిరితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే పొడి రోజులు: ఈ మూటిలో రెండైనా చూసుకోవాలి.

బంపర్‌ది వేరే లెక్క. అది సాధారణంగా పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. లోపలికి పోయిన బంపర్ మీద మరిగిన నీళ్ళు పోసి వెనక నుంచి నెడితే చాలాసార్లు యథాస్థానానికి వస్తుంది. పగిలితే మామూలు జిగురు అంటుకోదు, అదే ప్లాస్టిక్ కడ్డీతో వెల్డింగ్ చేయాలి. వెనకవైపు అచ్చుపోసిన అక్షరాలు చూస్తే రకం తెలుస్తుంది.

కింద చూడకుండా వదిలేస్తే పై పనంతా అలంకారమే. థార్, జిమ్నీ, గూర్ఖాల్లాంటి వాటికి విడిగా చాసిస్ ఉంటుంది. రాయి మీద కూర్చున్నా ముందు దెబ్బ తినేది అదే. క్రెటా లాంటి బండ్లలో శరీరమే చాసిస్. తలుపుల కింది గడప నొక్కుకుపోతే బరువు మోసే భాగం నొక్కుకుపోయినట్టే. తలుపు చుట్టూ సందు పైన ఒకలా, కింద ఒకలా ఉన్నా, తలుపు మూస్తే కొత్తగా పట్టినట్టున్నా టింకరింగ్ షెడ్డుకు కాక కొలతలు తీసే బెంచి ఉన్నచోటికి తీసుకెళ్ళాలి. అడుగున నల్లటి పీవీసీ పూతను స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గుల్లగా మోగితే పూత కింద నీరు చేరింది. ఆ భాగం కోసి, శుభ్రం చేసి, ఎపాక్సీ వేశాకే కొత్త పూత. బురద మీద, తుప్పు మీద తారులాంటి నల్లపూత కొట్టించుకోవడం కన్నా ఏమీ కొట్టించకపోవడం నయం. గడపల లోపలి బోలుకు పొడవు గొట్టంతో చల్లే మైనం ఉంటుంది, కన్నాలు మూసుకోకుండా చూసి అది వాడాలి.

బీమా సంగతి క్లుప్తంగా. తప్పనిసరిగా మనమే భరించే మొత్తం 1500 సీసీ దాకా 1,000 రూపాయలు, ఆపైన 2,000. జీరో డిప్రిసియేషన్ (భాగాల పాతదనానికి కోత వేయని ఏర్పాటు) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకూ రంగు సామగ్రికీ సగం కోత. తుప్పుకు పరిహారం రాదు. ఒక్క సొట్టకు క్లెయిమ్ పెడితే క్లెయిమ్ లేని ఏళ్ళకు ప్రీమియంలో 50 శాతం దాకా పెరిగే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పోతుంది, లెక్క వేసుకున్నాకే పెట్టాలి. పెట్టేటట్టయితే సర్వేయర్ చూసేదాకా మరమ్మతు చేయించకూడదు. కానీ ఫొటోలు తీసి, కడిగి, బయటపడ్డ లోహం మీద పలచగా గ్రీజు రాసి ఉంచడానికి అడ్డేమీ లేదు.

పని ముగిసిన నెల రోజులకు, ఉదయపు ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, మూసిన మచ్చల అంచులు ఒకసారి చూడండి. తలుపు కింది మడతలోంచి గోధుమరంగు చార సన్నగా జారుతుంటే అది బయట పట్టిన తుప్పు కాదు, లోపలిది. కొబ్బరి ఈనె మళ్ళీ తీయాలి.