అనంతపురం పల్లెల్లో తల్లీబిడ్డల హెచ్‌ఐవీ వైద్యం: ఇక్కడిదాకా ఎలా వచ్చింది?

తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా 2002లో ప్రభుత్వం కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్న మందు నెవిరపిన్ ఒక్కటే. నొప్పులు మొదలయ్యాక తల్లికి ఒక మాత్ర, పుట్టిన 72 గంటల్లోపు బిడ్డకు కాస్త సిరప్. కాన్పు వార్డులోనే పని అయిపోయేది. ఆ తర్వాత పాలు తాగే నెలల్లో బిడ్డను కాపాడేదేమీ లేదు. డబ్బా పాలు పడితే ఆ భయం తప్పేది గానీ, ‘బిడ్డకు పాలెందుకివ్వవు?’ అని అత్త అడిగితే ఏం చెప్పాలి? మంచినీళ్లకే కటకటలాడే ఊళ్లలో డబ్బా పాలతో విరేచనాల బాధ వేరే.

2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ (వైరస్‌ను అదుపులో ఉంచే, రోజూ వాడాల్సిన మందులు), 2006లో పిల్లల మందులు వచ్చాయి. అసలు మలుపు మాత్రం 2014. ఒంట్లో రోగనిరోధక శక్తి ఎంతుందో చెప్పే సీడీ4 కణాలు ఎన్నున్నా సరే, గర్భిణికి, పాలిచ్చే తల్లికి జీవితాంతం మందులివ్వాలన్నారు. చికిత్సే లేకపోతే వంద మంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి వైరస్ సోకుతుంది. మందులు సరిగ్గా వాడితే అది అయిదుగురిలోపే.

సరిగ్గా వాడించడం ఆస్పత్రి ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి పోతుంది. వానల్లేకపోతే కుటుంబమంతా బెంగళూరుకు కూలికి పోతుంది. వైరస్ సోకిందో లేదో తెలియాలంటే ఆరో వారంలో బిడ్డ మడమకు సూది గుచ్చి, రక్తపు చుక్కలు కార్డు మీద ఆరబెట్టి ల్యాబ్‌కు పంపాలి. వైరస్ మీద పోరాడేందుకు తల్లి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు బిడ్డ రక్తంలో నెలల తరబడి ఉండి, మామూలు పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి ఆఖరి పరీక్ష 18 నెలలకు. అన్నాళ్లూ ఆ తల్లిని కనిపెట్టుకుని ఉండేది ఆశాలు, ఏఎన్‌ఎంలు, హెచ్‌ఐవీతో బతుకుతూనే సాటివాళ్ల కోసం తిరిగే కార్యకర్తలు. ఈ చరిత్రలో తగిన గుర్తింపు దక్కనిది వీళ్లకేనని నా అభిప్రాయం. పదేపదే ఇంటికి వెళ్తే వీధికి అనుమానం. అందుకే టీకాల రోజున అంగన్‌వాడీ దగ్గర పక్కకు పిలిచి, మాత్రలు ఎన్ని మిగిలాయో అడగాల్సి వస్తుంది.

1969లో ఈ జిల్లాలో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లి ఆస్పత్రిలో హెచ్‌ఐవీ చికిత్స అందించడం పెద్ద ఆసరా అయింది. అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదన్న చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది.

2014కు ముందు వైరస్‌తో పుట్టిన పిల్లల్లో పెద్దవాళ్లు ఇప్పుడు ఇంటర్, డిగ్రీ ఈడుకొచ్చారు. హాస్టల్లో ఎవరూ చూడకుండా మాత్ర వేసుకోవడమే వాళ్లకు రోజూ టెన్షన్. అమ్మానాన్నలు పోయిన పిల్లలకైతే, ఆ మాత్రలు దేనికో చెప్పే భారం అమ్మమ్మల మీద, కౌన్సెలర్ల మీద పడుతోంది.