బైబిల్లోని మూడో భాష

పాత నిబంధన హీబ్రూలో, కొత్త నిబంధన గ్రీకులో రాశారని చాలామందికి తెలుసు. మూడో భాష అరామిక్ పేరు మాత్రం అంతగా వినపడదు. ఎజ్రా గ్రంథంలో కొంత, దానియేలులో దాదాపు సగం, యిర్మీయా 10వ అధ్యాయంలో ఒకే ఒక్క వచనం ఈ భాషలో ఉన్నాయి. కొలతకు తక్కువే. అయినా యూదులు ఎవరి ఏలుబడిలో ఎలా బతికారో తెలుసుకోవాలంటే ముందు ఈ భాగాలే చదవాలని నా అభిప్రాయం.

అరామిక్ మొదట సిరియా ప్రాంతపు అరామీయుల భాష. అస్సిరియా, బాబిలోను రాజ్యాల్లో పాకి, తర్వాత పర్షియా సామ్రాజ్యానికి ఆఫీసు భాష అయింది. ఈజిప్టు నుంచి ఇప్పటి అఫ్గానిస్తాన్ దాకా సర్కారు ఉత్తరాలు అందులో నడిచేవి. మట్టిపలకల మీది పాత లిపిలో వందల గుర్తులుండేవి. అరామిక్‌కు 22 అక్షరాలు చాలు. తోలు మీదో పపైరస్ (నీటిరెల్లుతో చేసిన కాగితం) మీదో సిరాతో రాసేయొచ్చు.

ఎజ్రా 4వ అధ్యాయంలో, యెరూషలేము కట్టడం ఆపించమని కొందరు పర్షియా రాజుకు ఫిర్యాదు రాస్తారు. సరిగ్గా అక్కడే గ్రంథం హీబ్రూ నుంచి అరామిక్‌లోకి మారుతుంది. అలాంటి ఉత్తరాలు ఆ రోజుల్లో ఎలా ఉండేవో ఈజిప్టులో దొరికిన పపైరస్‌లు చూపించాయి. నైలు నదిలోని ఎలిఫంటైన్ దీవిలో పర్షియా సైన్యం తరఫున కాపలా ఉన్న యూదులకు ఒక గుడి ఉండేది. దాన్ని కూల్చేశారని, మళ్లీ కట్టుకోనివ్వమని వాళ్లు క్రీ.పూ. 407లో యూదా గవర్నరుకు అర్జీ రాశారు. అదీ అరామిక్‌లోనే! యూదులు సాటి యూదుల దేశానికి రాస్తూ కూడా హీబ్రూ వాడలేదంటే, ఆఫీసు భాష పట్టు ఎంతటిదో చూడండి.

దానియేలు సంగతి ఇంకా చిక్కు. 2వ అధ్యాయం 4వ వచనంలో కల్దీయులు, అంటే ఆస్థాన జ్యోతిష్కులు, బాబిలోను రాజుతో మాట్లాడేచోట అరామిక్ మొదలవుతుంది. వాళ్ల మాటలు అయిపోయినా ఆగదు, 7వ అధ్యాయం చివరిదాకా సాగుతుంది. ఎందుకన్నదానిపై పండితులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. 1947 నుంచి మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో బయటపడ్డ ప్రతుల్లోనూ భాష ఆ చోట్లే మారుతోంది. అంటే ఈ అమరిక కనీసం రెండు వేల ఏళ్ల నాటిది.

ఇవాళ మనం హీబ్రూ లిపి అనుకునే చతురస్రపు అక్షరాలు కూడా అరామిక్ నుంచి వచ్చినవే. కుమ్రాన్ లేఖకులు కొందరు మిగతా అంతా ఈ కొత్త అక్షరాల్లో రాసి, దేవుడి పేరును మాత్రం పాత హీబ్రూ అక్షరాల్లో రాశారు. ఎంత భక్తో!

అలెగ్జాండర్ దండయాత్రల తర్వాత ఆ ప్రాంతంలో గ్రీకు వ్యాపించింది. కొత్త నిబంధనలోది మార్కెట్ రసీదుల్లో, ఇంటి ఉత్తరాల్లో కనిపించే వాడుక గ్రీకుకు దగ్గరిది. అందులోనూ యేసు మాట్లాడిన అరామిక్ అక్కడక్కడ మిగిలింది. మార్కు సువార్తలోని 'తలీతాకుమీ' (చిన్నదానా, లెమ్ము) తెలుగు బైబిల్లోనూ అలాగే ఉంది. సిరియాలోని మాలూలా పట్టణంలో జనం ఒక రకం అరామిక్ మాట్లాడుతూ వచ్చారు. కేరళలో సిరియన్ క్రైస్తవుల ఆరాధనలో వినిపించే సిరియాక్ కూడా అరామిక్‌లో ఒక శాఖే.