వకాండా బట్టల గురించి అపోహలు – వాస్తవాలు

2023 మార్చి 13 పొద్దున మా కాస్ట్యూమ్ గదిలో పని ఆగిపోయింది. అందరూ ఒకే ఫోన్ చుట్టూ మూగి 'నాటు నాటు' కోసం ఎదురుచూస్తున్నారు. నేను ఇంకో పేరు కోసం కూడా చూస్తున్నాను. అదే వేదిక మీద 'వకాండా ఫరెవర్' సినిమాకు కాస్ట్యూమ్ డిజైన్ ఆస్కార్ రూత్ కార్టర్‌ చేతికి వచ్చింది. 2019లో మొదటి 'బ్లాక్ పాంథర్'కూ ఆమే గెలుచుకున్నారు. వకాండా ఆ సినిమాల్లో ఊహించిన ఆఫ్రికా దేశం. రెండు ఆస్కార్లు అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆమె. ఆ రోజు నా కళ్లు రెండుసార్లు చెమర్చాయి.

సినిమా బట్టల పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. 'బ్లాక్ పాంథర్' మీద మన కుర్రాళ్లు మాట్లాడుకునేటప్పుడు కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. వాటికి నాకు తెలిసినంతలో జవాబు చెప్పాలనిపించింది.

అపోహ: వకాండా లేని దేశం కాబట్టి, అక్కడి బట్టలూ ఊహించి కుట్టినవే.

వాస్తవం: దేశం ఊహే. కట్టు మాత్రం ఊహ కాదు. రాణి రమోండా తల మీద వెడల్పుగా విచ్చుకున్న గుండ్రటి టోపీ దక్షిణాఫ్రికాలో పెళ్లయిన జులూ ఆడవాళ్లు పెట్టుకునే ఇసిచోలో. ఆ ఆకారాన్ని తీసుకుని, జూలియా కోర్నర్ అనే ఆస్ట్రియా డిజైనర్ చేత త్రీడీ ప్రింట్ చేయించారు. రాజరక్షకులైన ఆడవాళ్ల ఎరుపు, పూసల పని తూర్పు ఆఫ్రికా మసాయి వాళ్లవి. మెడకు, చేతులకు వేసుకున్న కడియాలు దక్షిణాఫ్రికా ండెబెలే వాళ్లవి. గనుల తెగ పెద్దావిడ జుట్టుకు ఉన్న ఎర్రటి పూత నమీబియాలో హింబా ఆడవాళ్లు వెన్నలో ఎర్రమట్టి కలిపి పూసుకునేది. సరిహద్దు తెగ కప్పుకున్న కంబళ్లు లెసోతోలోని బసోతో ప్రజలవి. ఆ కంబళ్లు నూటయాభై తెప్పించి ఒకవైపు వెండి గుర్తులు అచ్చు వేయించారు. తీరా చూస్తే తెర మీద మరీ దళసరిగా కనిపించాయి. దాంతో వాటి నూగును షేవర్‌తో గొరిగించారు. నూటయాభై కంబళ్లు! ఆ గదిలో కూర్చుని ఆ పని చేసినవాళ్ల పేర్లు ఏ పోస్టర్ మీదా ఉండవు. ఈ సినిమా చూసిన ప్రతిసారీ నాకు ముందు వాళ్లే గుర్తొస్తారు.

అపోహ: అమెరికాలో నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ పేరునే ఈ హీరోకు పెట్టారు.

వాస్తవం: కాదు. స్టాన్ లీ, జాక్ కిర్బీల కామిక్‌లో ఈ పాత్ర 1966 జూలైలో వచ్చింది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పార్టీ పుట్టింది అదే ఏడాది అక్టోబర్‌లో. అయితే సినిమా ఓక్లాండ్‌లోనే మొదలవుతుంది, దర్శకుడు ర్యాన్ కూగ్లర్ సొంతూరూ అదే. అది కాకతాళీయం అని మాత్రం నేననుకోను.

అపోహ: 'ఆఫ్రికన్ లుక్' అనేది ఒకటుంది, దాన్ని భలే పట్టుకున్నారు.

వాస్తవం: ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. అన్నిటికీ కలిపి ఒక లుక్ ఎలా ఉంటుంది? ఆఫ్రికా ప్రేక్షకుల్లోనే కొందరు ఇదే అడిగారు. లెసోతో కంబళి, ఇథియోపియా పెదవి పళ్లెం, సహారా తువారెగ్‌ల కట్టు ఒకే దేశంలోకి ఎలా వచ్చాయి, మమ్మల్నందర్నీ ఒకే మూటలో కట్టేశారు కదా అన్నారు. వకాండా ఎవరి వలస రాజ్యమూ కాలేదు, ఆఫ్రికా మొత్తం కన్న కల అది, అందుకే అన్నీ కలిపారు అని అభిమానులు జవాబిచ్చారు. రెండిట్లోనూ న్యాయం ఉంది. కానీ నా పని కళ్లతో చూస్తే ఒక చోట తప్పు జరిగిందనే అంటాను. నది తెగ పెద్దాయన ఆకుపచ్చ సూట్ వేసుకుని కింది పెదవిలో పళ్లెం పెట్టుకుని కనిపిస్తాడు. తెర మీద అది అద్భుతంగా ఉంటుంది. కానీ ఇథియోపియాలోని ముర్సి, సూరి తెగల్లో ఆ పళ్లెం ఆడవాళ్లది. ఆడపిల్ల ఎదిగిందనీ, పెళ్లీడుకొచ్చిందనీ చెప్పే గుర్తును మగవాడి ముఖానికి పెడితే అందం మిగులుతుంది, అర్థం పోతుంది.

ఈ మాట అనే హక్కు నాకుందా అని కూడా ఆలోచించాను. కొన్నేళ్ల కిందట ఒక సినిమాకు పనిచేస్తుంటే "ఏదైనా ట్రైబల్‌గా పెట్టండి" అన్నారు. ఏ తెగ అని అడిగితే, పాటే కదా, ఎవరు చూస్తారు అన్నారు. ఆదిలాబాద్ రాజ్ గోండుల గుస్సాడీ నెమలి ఈకల టోపీ నమూనా, దాని పక్కన లంబాడా అద్దాల పని, మెడలో ఎక్కడివో తెలియని గవ్వల దండలు వేసి పంపాం. గుస్సాడీ టోపీ దండారీ పండగప్పుడు దీక్షలో ఉన్నవాళ్లు పెట్టుకునేది, దానికి పూజ చేస్తారు. అది తెలిసి కూడా నేను గట్టిగా కాదనలేదు. ఇప్పటికీ నాకది బాధే. రూత్ కార్టర్ బృందం ప్రతి గుడ్డనూ ఎక్కడిదో, ఎవరిదో తెలుసుకున్నాకే మార్చింది. ఆ తేడా చాలా పెద్దది.

అపోహ: అఫ్రోఫ్యూచరిజం, అంటే నల్లజాతి వాళ్లు తమ భవిష్యత్తును తామే ఊహించుకునే కళ, ఈ సినిమాతోనే మొదలైంది.

వాస్తవం: ఆ మాటను మార్క్ డెరీ అనే రచయిత 1993లోనే వాడారు. అసలు సంగతి ఇంకా పాతది. జాజ్ సంగీతకారుడు సన్ రా తాను శనిగ్రహం నుంచి వచ్చానని చెప్పుకుంటూ, ఈజిప్టు ఫారోల కిరీటాలు, మెరిసే అంగీలు వేసుకుని దశాబ్దాల ముందే వేదికలెక్కారు. గతాన్ని బానిసత్వం చెరిపేసిన మనుషులు భవిష్యత్తును తామే కుట్టుకోవడం అది.

అపోహ: హనుమంతుడి పేరు సినిమాలో ఉందనడం మనవాళ్లు పుట్టించిన పుకారు.

వాస్తవం: ఉంది. గొరిల్లాను కొలిచే జబారీ తెగ నాయకుడు ఎంబాకు నోట ఆ పేరు వస్తుంది. 2018లో మన దేశంలో విడుదలైనప్పుడు సెన్సార్ బోర్డు దాన్ని మ్యూట్ చేయించింది. థియేటర్లో విననివాళ్లు పుకారు అనుకోవడంలో వింత లేదు.

అపోహ: అమెరికాలో అభిమానులు థియేటర్లకు కట్టుకొచ్చినవి అచ్చమైన ఆఫ్రికా బట్టలు.

వాస్తవం: దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. 2018 ఫిబ్రవరిలో నల్లజాతి కుటుంబాలు తాతలు, మనవళ్లతో సహా దాషికీలనే వదులైన రంగుల చొక్కాలు, కెంటే కండువాలు, తలగుడ్డలు కట్టుకుని పెళ్లికెళ్లినట్టు థియేటర్లకు వెళ్లాయి. కెంటే ఘనాలో అసాంటే, ఎవే నేతగాళ్లు మగ్గం మీద సన్నటి పట్టీలుగా నేసి కలిపి కుట్టేది. కానీ దాషికీల మీద మనం ఎక్కువగా చూసే ఆ మెడ చుట్టూ ఉండే డిజైన్ 1960ల మొదట్లో వ్లిస్కో అనే డచ్ కంపెనీలో గీసింది. ఆఫ్రికా ప్రింట్ అని మనం పిలిచే మైనం అద్దకపు బట్ట కూడా, జావా బాటిక్‌ను మిషన్ మీద చేయబోయి డచ్‌వాళ్లు తయారుచేసిన సరుకే.

అయితే అది వాళ్లది కాదనాలా? నేననను. బానిసలుగా వచ్చినవారి పిల్లలకు తమ పూర్వీకులు ఏ ఊరివారో, ఏ నేత కట్టుకున్నారో చెప్పే కాగితం లేదు. సినిమాలో విలన్ కిల్‌మాంగర్‌ను చూడండి. వకాండాలో అందరికీ తరాల నుంచి వచ్చిన కట్టుంది. ఓక్లాండ్‌లో పెరిగిన అతనికి లేదు. తన నేల ముఖాన్ని, అంటే ఒక ఆఫ్రికా మాస్క్‌ను, లండన్ మ్యూజియంలోంచి ఎత్తుకెళ్తే తప్ప అతనికి దొరకలేదు. 1897లో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలోని బెనిన్ నగరాన్ని దోచి తెచ్చిన కంచు శిల్పాల్లో చాలా ఇంకా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. అందుకే అంతమంది అభిమానులు విలన్ కోసం ఏడ్చారు. 1960ల్లో వాళ్ల పెద్దలు ఊరేగింపుల్లో వేసుకున్న దాషికీ, ఇప్పుడు వాళ్ల తాతల బట్టే.

మన మగ్గాలకూ ఇందులో వాటా ఉంది. చీరాల తేలియా రుమాళ్లు అరబ్ దేశాలకు, ఆఫ్రికాకు ఓడలెక్కేవి. దక్షిణ భారతంలో చేత్తో నేసిన గళ్ల మద్రాసు రుమాలును నైజీరియాలోని కలబారి వాళ్లు ఇంజిరి అంటారు. దాన్ని కొన్నది కొన్నట్టు కట్టుకోరు. కలబారి ఆడవాళ్లు బ్లేడు పట్టుకుని కూర్చుని, గళ్లలోంచి ఎంచిన దారాలను ఒక్కొక్కటిగా కోసి లాగేస్తారు. రోజుల తరబడి ఆ పని సాగాక గళ్ల మధ్యలోంచి వెలుతురు కనిపించే కొత్త డిజైన్ తేలుతుంది. దాని పేరు పెలెటె బిటె, కోసిన బట్ట అని అర్థం. అప్పటినుంచి అది కలబారి వాళ్ల బట్ట.